మోట కుట్టినోళ్ల చెలక

మా తాత మోట కుట్టేటోడు. మా అవ్వ వాళ్ల నాయిన వాళ్ల ఊరి చెరువుకు నీరటి. ఒక తాత బావిల నుంచి నీళ్లు పైకి తెచ్చే తోలు బొక్కెన చేసిండు. ఇంకో తాత తూము ఇప్పి మళ్లకు నీళ్లు పంచిండు. ఇద్దరూ మాదిగలే. ఇద్దరి పేరు మీదా ఒక్క గుంట తరి భూమి లేదు. ఈ రెండు సంగతులు పక్కపక్కన పెట్టి చూడడం నాకు బి.ఇడి. చదివినంక గాని రాలేదు. అంతకు ముందు అది మా ఇంట్ల మాట. మా నాయినమ్మ వాకిట్ల కూసుండి చెప్పేది, మేం ఊ కొట్టేది. అది చరిత్ర అని ఏ సారూ మాకు చెప్పలేదు.

ఇప్పుడు నేను సర్కారు బడిలో సోషల్ చెప్తున్న. కాకతీయుల పాఠం వస్తే పాకాల, రామప్ప, లక్నవరం చెరువుల పేర్లు బోర్డు మీద రాస్తాను. నిజాం కాలం పాఠంలో 1923 నుంచి 1931 దాకా మంజీర మీద కట్టిన నిజాంసాగర్, దాని ఇంజనీరు అలీ నవాజ్ జంగ్ వస్తరు. కోస్తా పాఠంలో 1852లో పూర్తయిన ధవళేశ్వరం ఆనకట్ట, కాటన్ దొర. తర్వాత 1955 డిసెంబర్ 10న నెహ్రూ పునాదిరాయి వేసిన నాగార్జునసాగర్. రాజు ఉంటడు, దొర ఉంటడు, ఇంజనీరు ఉంటడు, ప్రధానమంత్రి ఉంటడు. రాళ్లు మోసినోళ్లు ‘వేలాది కూలీలు’ అనే రెండు మాటల్లో అయిపోతరు. దేశమంత డ్యాములు కట్టిన పాలమూరు కూలీల సొంత చెలకలు ఎండిపోయి ఉన్న సంగతి ఆ రెండు మాటల్లో పట్టదు. ఇగ మోట కుట్టినోడు, తూము ఇప్పినోడు ఆ లెక్కలో కూడా లేరు.

తాగే నీళ్ల కొట్లాట మనం రాసుకున్నం. 1927 మార్చి 20న మహద్‌లో బాబాసాహెబ్ చౌదార్ చెరువు నీళ్లు దోసిట పట్టిండు. ఆ నీళ్ల మీద హక్కు కోర్టులో తేలేసరికి 1937 వచ్చింది. 1985 జూలై 17న కారంచేడులో ఆరుగురు మాదిగలను చంపింది కూడా చెరువు నీళ్ల కాడ మొదలైన తగాదాతోనే. ఇవి మనకు నోటికి వచ్చు. కాని పొలం పారే నీళ్ల చరిత్ర మనం రాసుకోలేదు. పొలమే లేనప్పుడు పొలం నీళ్లతో మనకేం పని అనుకున్నమేమో. పనంతా మనదే ఉండె.

మోట అంటే ఇప్పటి పిల్లలకు తెలవదు. క్లాసులో అడిగితే ఒకడు లేచి “మోటరా టీచర్?” అన్నడు. తప్పేం లేదు, వాడు పుట్టేసరికి మోట బావులు చెత్త పోసే గుంతలైనయి. చెప్పాలంటే లందల నుంచి మొదలుపెట్టాలె. ఊళ్లె గొడ్డు సస్తే ఎత్తేది మేం. తోలు ఒలిచి, సున్నపు నీళ్లల్ల నానేసి, బొచ్చు గీకి, తంగెడు చెక్క రసంల ఊరేసి, దినాల తరబడి తిప్పితే గాని అది నీళ్లకు నిలిచే తోలు కాదు. ఆ తోలును పెద్ద సంచి లెక్క కుట్టి, మూతికి ఇనుప కడెం కట్టి, అడుగున తొండం పెట్టాలె. మోకు ఒకటి గిరక మీద, సన్నతాడు ఇంకోటి తొండానికి. ఎద్దులు మోటబాట ఎంట కిందికి నడుస్తుంటే బొక్కెన నిండుగ పైకి వస్తది. పైకి రాంగనే తొండం కాలువ దిక్కు సాగి నీళ్లు వాటంతట అవే పోసుకుంటయి. మనిషి వంచాల్సిన పని లేదు. బావి లోతు చూసి, ఎద్దుల జోడు చూసి, ఎంత తోలు పడుతదో తొండం ఎంత పొడుగుండాలెనో మా తాత నోటిలెక్కన చెప్పేవాడట. ఒక్క అక్షరం రాదు ఆయనకు.

మోటకు పైసలు లేవు, మేర ఉంటది. కల్లం కాడ అందరి పాళ్లు పోయినంక, ఆఖరికి మట్టితోని కలిసిన అడుగు వడ్లు మా తాతకు. మా నాయినమ్మ ఆ వడ్లు చాట పట్టి చెరిగి చెరిగి, రాళ్లేరి, దంచి వండేది. “మన తోలు బాయిల దిగుతది బిడ్డా, మనం దిగొద్దు” అనేది. ఆమె అది కోపంగా చెప్పేది కాదు. నవ్వుకుంట చెప్పేది. ఆ నవ్వు నాకు ఇప్పటికీ అర్థం కాలేదు.

తర్వాత ఇనుప బొక్కెనలొచ్చినయి, ఆయిల్ ఇంజన్లొచ్చినయి, 1960లు 70లల్ల కరెంటు మోటర్లొచ్చినయి. కొత్త వరి వంగడాలు వచ్చిన కాలం అది. ఎవరు ముందు మోటరు పెట్టిండ్రు అనేదానికి పెద్ద పరిశోధన అక్కర్లేదు. భూమి తనఖా పెట్టగలిగినోడికి భూమి తనఖా బ్యాంకు అప్పిచ్చింది. బావి ఉన్నోడికే మోటరు. భూమి ఉన్నోడికే బావి. మా ఊళ్లె మొదటి మోటరు దొర బావికి, తర్వాత ఆయన వరుస వాళ్లకు, ఆ తర్వాత బీసీల్లో నలుగురైదుగురు కాపుదనం చేసేటోళ్లకు. ఒక్కో మోటరు బిగించినప్పుడల్లా మా తాత మేర ఒకటి ఆగిపోయింది. మోటరు పెట్టినోడికి అప్పు దొరికింది. మోట పోయినోడికి ఎవరూ ఏమీ ఇయ్యలేదు, అడగాలని కూడా ఎవరికీ తోచలేదు. ఊరు ‘అభివృద్ధి’ అయిందని రాసుకున్న ఏండ్లల్లనే మా తాత లంద మూసేసి ఆ బావుల కింద నాట్లకు కూలీ పోయిండు.

నీరటి తాత కథ ఇంకో తీరు. వానకాలం రాత్రులు ఆయన కట్ట మీదనే పండేది. గండి పడుతదేమో, మత్తడి ఎంత దునుకుతుందో చూసుకోవాలె. చెరువుల ఈదుకుంట పోయి తూము కొయ్య గుంజాలె. ఏ మడికి ఎంతసేపు, ఎవరి వంతు ఎప్పుడు, అన్నీ ఆయన తలకాయలనే ఉండేవి. నీళ్లు తక్కువున్న ఏడు తాబి ఎన్ని ఎకరాలకు సరిపోతదో కట్ట మీద నిలబడి చూసి చెప్పేది ఆయన. అయితే నిర్ణయించేది పటేలు. తూము కాడి మళ్లు పెద్దోళ్లవి, కొసకు పోయేకొద్ది చిన్నోళ్లవి. రాత్రిపూట ఎవడన్నా కాలువ తెంపుకుంటే పొద్దున తిట్లు తినేది నీరటే. తెంపింది ఎవరో ఆయనకు తెలుసు, చెప్పలేడు. కొన్ని ఊళ్లల్ల నీరటికి ఇనాం ముక్క ఉండేదంటరు. మా తాతకు అదీ లేకుండె, కల్లం కాడి వడ్లే.

1997లో ప్రభుత్వం సాగునీటి సంఘాల చట్టం తెచ్చింది. రైతులే నీళ్లను నడుపుకోవాలన్నది. ఆ ఏడాది జూన్‌లో పదివేలకు పైగా సంఘాలకు ఎన్నికలైనయి. మాట మంచిగనే ఉన్నది. కాని ఓటు ఆయకట్టు భూమి ఉన్నోడికి. నలభై ఏండ్లు నీళ్లు పంచిన మనిషికి ఓటు లేదు. నాట్లేసే ఆడవాళ్లకు పట్టా ఉంటే గాని ఓటు లేదు. ‘రైతు’ అనే మాట ఎవరి కోసం కుట్టిన అంగీయో అక్కడ తెలుస్తది. 2015 మార్చిలో మిషన్ కాకతీయ మొదలై చెరువుల పూడిక తీసిండ్రు. మట్టి ఉచితం, చేన్లకు తోలుకునే ఖర్చు రైతుదే. ట్రాక్టరున్నోడి చేను నల్లబడ్డది. 2023లో వీఆర్ఏలను వేరే వేరే శాఖల్లో కలిపినప్పుడు కొంతమంది నీరటోళ్ల పిల్లలకు జీతం ఉద్యోగాలు వచ్చినయి. అది మాత్రం నేను కాదనను.

ఇగ మా భూమి సంగతి. మా నాయినకు సర్కారు లావుణి పట్టా ఇచ్చింది, ఎకరం ఇరవై గుంటలు. చెరువుకు మీది దిక్కున, గుట్ట వాలులో, ఎర్ర చెలక. మన వాళ్లకు పంచిన భూములు ఎక్కడున్నయో ఏ ఊళ్లెనన్నా పోయి చూడండి. తూము కింద ఉన్నయా, గుట్ట మీద ఉన్నయా? ఆయకట్టు భూమి ఎవరూ మిగులు చూపియ్యలేదు. చూపించింది రాళ్లు రప్పలు. మా అవ్వ, నాయిన రెండు ఎండకాలాలు రాళ్లేరి గట్టు పెట్టినంకనే అక్కడ నాగలి దిగింది.

1977లో వచ్చిన చట్టం ఇట్లాంటి భూములను అమ్మొద్దు, కొనొద్దు అన్నది. అది లేకుంటే ఆ ఎకరంన్నర కూడా ఏనాడో ఒక పెండ్లికో రోగానికో పోయేది. అందుకే నేను ఆ చట్టాన్ని తిట్టను. అదే చట్టంలో బ్యాంకుకు తనఖా పెట్టొచ్చు అని కూడా ఉన్నది. మా నాయిన మోటరు లోనుకు పోయినప్పుడు ఒక బ్యాంకు ఆయన “ఇది అసైన్డ్ భూమి, నడవదు” అని కాయితం వెనక్కి నెట్టిండు. చట్టంల ఉన్న ఆ మాట మా నాయినకు తెలవదు. చెప్పినా ఆ కౌంటరు కాడ వినేటోళ్లు లేరు.

1988-89లో కేంద్రం మిలియన్ వెల్స్ అని పథకం మొదలుపెట్టింది. ఊళ్లల్ల జీవనధార బావి అన్నరు. ఎస్సీ ఎస్టీ చిన్న రైతుల భూముల్లో ఉచితంగా బావి. మా చెలకలో కూడా తవ్విండ్రు. తవ్వింది మా వాళ్లే, కూలీ కట్టిచ్చిండ్రు. ఇరవై ఫీట్ల కాడ బండ తగిలితే మందు పెట్టి పేల్చిండ్రు. ముప్పై ఫీట్లకు ఊట వచ్చింది. ఆ రోజు మా అవ్వ కడుపుతో ఉండె, నేను కడుపుల. బావికి నీళ్లు పడ్డయని అందరికీ బెల్లం పంచిందట. పది గుంటల్లో వరి పెట్టిండ్రు, మిగతాది పల్లికాయ, కంది. మాదిగోళ్ల ఇంట్ల సొంత మడి బియ్యం. మా చుట్టాలు ఆ బియ్యం తినిపోను పనిగట్టుకొని వచ్చిండ్రంట.

ఆ బావి ఏడెనిమిదేండ్లు బతికింది. అది ఎట్ల సచ్చిందో చెప్పాలె, ఎందుకంటే అందరూ ‘వానలు పడలే’ అని ఊకుంటరు. మన దక్కన్ నేల కింద ఉన్నది గ్రానైటు. పైన కొంత మేర మెత్తబడ్డ పొర ఉంటది. వాన నీళ్లు అండ్ల నిలుస్తయి. దాని కింద గట్టి బండ, ఆ బండల పగుళ్లలో కొన్ని నీళ్లు. చేద బావి, మోట బావి, జీవనధార బావి పై పొర నీళ్ల మీద బతుకుతయి. పక్కన రెండువందల ఫీట్ల బోరు దిగితే అది కింది పగుళ్ల నుంచి గుంజుతది. పై పొర నీళ్లు కిందికి జారుతయి, బావి ఎండుతది. 1990లల్ల మా చెలకకు కింది దిక్కు, పక్క దిక్కు, తిరుచెంగోడు బండ్లు దిగినయి. రాత్రంత గుర్రుమని మోత. ఒక్కో బోరుకు మా బావి ఒక్కో గజం దిగింది. మా నాయిన దాన్ని ఇంకో ఐదు ఫీట్లు తవ్విండు. మళ్ల దిగింది. ఒకనాడు అడుగున కప్పలు మాత్రం మిగిలినయి.

దొంగతనం జరిగిందని ఎవరి మీద కేసు పెడుదుము? ఎవడి భూమిల వాడు బోరేసుకున్నడు. 2002లో వాల్టా చట్టం వచ్చి బోర్లకు రిజిస్ట్రేషన్, పర్మిషన్ అన్నది. అప్పటికే ముందున్నోళ్లు ముందుగాలనే గుంజుకున్నరు. కాయితం అడిగింది వెనక వచ్చినోళ్లను.

ఆ 2002 పెద్ద కరువు. నాకు పదమూడేండ్లు. మా నాయిన ఆ ఏడు రెండు బోర్లు వేసిండు. కొబ్బరికాయ అరచేతిలో పెట్టుకొని నీళ్లు చూసేటాయన వచ్చి చెలకంత తిరిగిండు. కాయ లేచి నిలబడ్డ కాడ పసుపు కుంకుమ పెట్టిండ్రు. మొదటిది దుబ్బ లేపింది. రెండోది కొంత తడి చూపించి ఆగింది. మా అవ్వ కాళ్ల కడాలు, రెండు మేకలు, ఒక దూడ ఆ రెండు పొక్కల్ల పోయినయి. వడ్డీ ఎవరికి కట్టిండ్రో రాయను, ఆ మనిషి పిల్లలు నా బడిల చదువుతున్నరు. మా నాయిన పట్నం పోయి అపార్ట్‌మెంటు కాడ వాచ్‌మన్ చేసిండు. 2009లో, మళ్ల కరువు ఏడు, మూడో బోరు. అదీ అంతే.

కరెంటు గురించి చెప్పకుంటే ఈ లెక్క తప్పు పోతది. 2000 ఆగస్టు 28న బషీర్‌బాగ్‌లో కరెంటు చార్జీల పోరాటం మీద కాల్పులు జరిగినయి. 2004 మే 14న వ్యవసాయానికి ఉచిత కరెంటు ఫైలు మీద సంతకం అయింది. 2018 జనవరి 1 నుంచి తెలంగాణలో వ్యవసాయానికి ఇరవై నాలుగు గంటల కరెంటు. ఇవన్నీ మంచివే, పోరాడి తెచ్చుకున్నవే. కాని ఉచిత కరెంటు మోటరుకు వస్తది, మనిషికి రాదు. ఐదు మోటర్లున్నోడికి ఐదింతలు. మోటరు లేని మా నాయినకు మాఫీ అయిన బిల్లు ఎంత? సున్నా. పైంగ, పైసా ఖర్చు లేని కరెంటుతోని పక్క బోరు ఇంకింత లోతుకు గుంజింది.

2011లో ఇందిర జలప్రభ అని ఎస్సీ ఎస్టీల భూములకు బోర్లు వేసే పథకం వచ్చింది. ఒక్కొక్కరికి కాకుండ పక్కపక్క భూములను కలిపి బోరు అనే ఆలోచన నాకు ఇప్పటికీ సరైనదే అనిపిస్తది. మా వాడ ఆరు కుటుంబాల చెలకలకు కలిపి తర్వాత ఒక బోరు పడ్డది, రెండు ఇంచుల నీళ్లు. డప్పులు కొట్టిండ్రు. అయితే కరెంటు స్తంభాలు ఒక పెద్ద రైతు పొలంలో నుంచి పోవాలె. ఆయన కాదన్నడు. ఆఫీసులో అడిగితే “మీరే మాట్లాడుకోండి” అన్నరు. మేం మాట్లాడితే వినేటోడైతే ఆఫీసుకు ఎందుకు పోతం? రెండేండ్లకు చుట్టు తిరిగి లైను వచ్చింది. ఇప్పుడు ఆ బోరు ఆరిండ్లకు వంతు మీద నడుస్తది. మా వంతు ఆరో రోజు. మా చెలక వాలులో మీదున్నది, నీళ్లు ఎక్కేసరికి వంతు అయిపోతది.

రెండేండ్ల కింద ఇద్దరు వ్యవసాయ విద్యార్థులు సర్వే కోసం మా ఊరికి వచ్చిండ్రు. రైతులు బిందు సేద్యం ఎందుకు పెట్టుకుంటలేరు అనేది వాళ్ల పరిశోధన. మంచి పిల్లలు. బడిల కూసోబెట్టి చాయ్ పోసి, వాళ్ల ప్రశ్నల కాయితం చూసిన. వయసు, చదువు, కుటుంబంలో ఎంతమంది, వ్యవసాయంలో ఎన్నేండ్ల అనుభవం, వ్యవసాయాధికారిని నెలకు ఎన్నిసార్లు కలుస్తడు, పేపరు చదువుతడా, నష్టానికి తెగించే స్వభావం ఉన్నదా. నష్టానికి తెగించుడు! మూడు పొక్కలు పొడిపించిన మనిషిని అడగవలసిన ప్రశ్నేనా అది? డ్రిప్పు మీద ఎస్సీ ఎస్టీలకు నూటికి నూరు శాతం సబ్సిడీ ఉన్నది. ఉన్నా ఎందుకు తీసుకోరని ఆ పిల్లలకు నిజంగనే అర్థం కాలేదు. డ్రిప్పు పైపుకు ముందు బోరు ఉండాలె, బోరుకు మోటరు, మోటరుకు లైను. ఉచితంగ ఇచ్చేది ఆఖరి పైపు.

ఆ కాయితంలో లేని ప్రశ్నలు నేను చెప్పిన, వాళ్లు రాసుకున్నరు. నీకూ నీళ్లకూ మధ్యల ఎవరి పొలం ఉన్నది? ట్రాన్స్‌ఫార్మరు ఎవరి గట్టు మీదున్నది? ఫ్యూజు పోతే రాత్రి ఎవరిని లేపాలె, ఆయన లేస్తడా? నీ పట్టా ఏ రకం? నీ పక్క బోరు ఎంత లోతు? వాళ్ల గైడు వీటిని ఒప్పుకున్నడో లేదో నాకు తెలవదు. చదువుకుంటున్న తమ్ముళ్లు, చెల్లెండ్లు ఎవరన్నా ఈ పని మీద ఉంటే ఆ ప్రశ్నలు తీసుకోండి, నా పేరు పెట్టాల్సిన పని లేదు.

2019లో నాకు ఉద్యోగం వచ్చింది. మా ఇంట్ల మొదటి డిగ్రీ, మొదటి జీతం. అప్పుడు ఒక విచిత్రం చూసిన. భూమి మీద మా నాయినకు ఇరవై ఏండ్లల్ల లోను ఇయ్యని బ్యాంకులు నాకు రోజు విడిచి రోజు ఫోన్లు చేసినయి, “మేడం, పర్సనల్ లోన్ కావాలా” అని. మా వాడల ఎవరి చెలక పచ్చగున్నదో చూస్తే తెలుస్తది, ఇంట్ల ఒక సర్కారు జీతమన్నా ఉంటది, గల్ఫ్ పైసలన్నా ఉంటయి. మన భూములకు జీతమే నీటి వనరు అయింది. ఆ కాలమ్ కూడా ఆ సర్వేల లేకుండె.

ఇప్పుడు మా తమ్ముడు నాలుగో బోరు అంటున్నడు. “అక్కా, నువ్వు లోన్ తియ్యి, పంట మీద నేను కడుత.” పట్టా నాయిన తర్వాత తమ్ముని పేరు మీదికి పోతదని ఇంట్ల అందరూ అనుకుంటున్నరు. అప్పు మాత్రం నా పేరు మీద. కట్టేది నేనైనప్పుడు పట్టాల నా పేరు కూడా ఉండాలె గదా అని నేను అన్నరోజు ఇంట్ల ఎవరూ సరిగ తినలేదు. మా అవ్వ ఒక్కతే “అది అడిగిన దాంట్ల తప్పేమున్నది” అన్నది. ఆ మాట ఇంకా తేలలేదు.

మా నాయిన మాత్రం బోరు వద్దంటున్నడు. దేవాదుల నీళ్లు వచ్చి మా చెరువు నిండబట్టి కట్ట కింది పాత బావులల్ల ఊట పైకొచ్చింది. అండ్ల ఒకటి, మా తాత మోట కుట్టిన బావుల్ల ఒకటి, ఎవరూ వాడకుండ చెట్లు మొలిచి ఉన్నది. దాని ఆసామి కొడుకు పట్నంల ఉంటడు, పంటల మూడో వంతు మాట్లాడుకొని నీళ్లు తోడుకొమ్మన్నడు. మూడో వంతు ఎక్కువే. అయినా మళ్ల బండల పైసలు పోసుడు కంటే నయమని మా నాయిన లెక్క. నేను ఆయన దిక్కే.

బావి నుంచి మా చెలక దాకా తమ్ముడు టేపు పట్టి కొలిచిండు, ఆరువందల నలభై ఫీట్లు. మధ్యల ఇద్దరి పొలాలున్నయి. ఒకాయన పైపు భూమిల పూడ్చుకొని పొమ్మన్నడు. ఇంకొకాయన కోతలు కానియ్యి, చూద్దామన్నడు. కోతలయి నెల దాటింది. మా నాయిన రెండుసార్లు పోయి వాళ్ల వాకిట్ల నిలబడి వచ్చిండు. ఈ ఆదివారం ఆయన ఎంబడి నేను కూడా పోతున్న.